పేర్లు కొన్నాను, నిమిషాలు కొనాల్సింది: ఫాంటసీ హాకీలో నా మొదటి సీజన్

నెల్లూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "టొరంటోలో ఉన్న మా అన్నయ్య వాళ్ల ఫాంటసీ హాకీ లీగ్‌లో ఒక జట్టు ఖాళీ అయిందట. వచ్చే అక్టోబరు నుంచి నన్ను చేరమంటున్నాడు. నాకు క్రికెట్ తప్ప మరో ఆట తెలియదు. ఒక సీజన్ పూర్తిగా ఆడినవాళ్లు ఏం నేర్చుకున్నారో చెబుతారా? ఇక్కడ ఉంటూ ఆ వేళలకు ఆడడం అసలు సాధ్యమేనా?"

సాధ్యమే. వేళల విషయంలో మనకు కొంత మేలు కూడా ఉంది, అది తర్వాత చెబుతాను. నేను సింగరాయకొండ దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటూ 2024-25 సీజన్ మొత్తం ఆడాను. ఎడ్మంటన్‌లో ఉండే మా బావ నడిపే లీగ్ అది. పది జట్లు, అందులో ఆరు ప్లేఆఫ్‌కు వెళతాయి. నేను ఏడో స్థానంలో ఆగిపోయాను. మరుసటి ఏడాది మూడోవాణ్ణయ్యాను కాబట్టి, మొదటి ఏటి తప్పులను ఏకరువు పెట్టే అర్హత వచ్చిందనే అనుకుంటున్నాను.

ముందు ఆట సంగతి. హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్, పచ్చిక మైదానం గుర్తొస్తాయి. ఇది మంచు మీద, కాళ్లకు స్కేట్లు కట్టుకొని, బంతికి బదులు పక్ అనే రబ్బరు బిళ్లతో ఆడేది. మేం ఆడే ఫాంటసీకి ఆధారమైన ఎన్‌హెచ్‌ఎల్ (నేషనల్ హాకీ లీగ్)లో అమెరికా, కెనడాలకు చెందిన 32 జట్లు ఉన్నాయి. నేను ఆడిన ఏడాది అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా ఒక్కో జట్టుకు 82 ఆటలు. 2026-27 నుంచి అవి 84. ఒక్కో ఆటలో ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. మంచు మీద ఒక్కో జట్టుకు ఐదుగురు ఆటగాళ్లు, ఒక గోల్‌కీపరు. ఆ గోల్‌కీపరును వాళ్లు గోలీ అంటారు. మొదటి నెలంతా ఆ మాట వినబడ్డప్పుడల్లా నాకు గోలీసోడా గుర్తొచ్చేది.

ఫాంటసీలో మీరు అసలు ఆటగాళ్లను ఎంచుకుంటారు, వాళ్లు నిజం ఆటల్లో సాధించిన అంకెలు మీ ఖాతాలో పడతాయి. మా లీగ్‌లో సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక ప్రత్యర్థితో పోటీ, పది విభాగాలు. ఆటగాళ్లకు గోల్స్, అసిస్టులు (గోల్‌కు ముందు పక్ అందించడం), ప్లస్-మైనస్ (తాను మంచు మీద ఉండగా తన జట్టు కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేసిన లెక్క), పవర్‌ప్లే పాయింట్లు, గోల్ మీదికి కొట్టిన షాట్లు, హిట్లు. గోలీలకు గెలుపులు, ఆటకు సగటున ఇచ్చిన గోల్స్, ఆపిన షాట్ల శాతం, ఒక్క గోల్ కూడా ఇవ్వని ఆటలు. ఎక్కువ విభాగాలు గెలిచినవాడిదే ఆ వారం. పవర్‌ప్లే అన్న మాట చూసి క్రికెట్ అనుకోకండి. తప్పు చేసినవాణ్ణి సాధారణంగా రెండు నిమిషాలు బయట కూర్చోబెడతారు. ఆ కాసేపు అటు ఐదుగురు, ఇటు నలుగురు. అప్పుడు పడే గోల్ మీకు గోల్స్‌లోనూ పవర్‌ప్లే పాయింట్లలోనూ రెండు చోట్ల లెక్కకు వస్తుంది. ఒక్కో గోల్‌కు ఇద్దరి దాకా అసిస్టు ఇస్తారు కనుక ముగ్గురు బాగుపడతారు.

డబ్బు సంగతి ఒక్క ముక్కలో: మా లీగ్‌లో రూపాయి లేదు. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2020లోనే నిషేధించారు, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. మీ అన్నయ్య స్నేహితులు తలా ఇన్ని డాలర్లు వేసుకొని ఆడుతుంటే ఆ లెక్కలో మీరు ఉండవద్దు. మా దగ్గర గెలిచినవాడికి మర్యాద ఒక్కటే: ప్లేఆఫ్‌కు రాని నలుగురు కలిసి, ఇండియాలో అతని వాళ్లు ఉన్న ఇంటికి ఉలవపాడు మామిడిపండ్ల పెట్టె పంపాలి.

ఇప్పుడు అసలు పాఠం. ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను: పేరున్నవాణ్ణి కొనవద్దు, మంచు మీద ఎక్కువ నిమిషాలు ఉండేవాణ్ణి కొనండి. క్రికెట్ తెలిసినవారికి ఇది వెంటనే ఎక్కుతుంది. టీ20లో ఓపెనర్‌కు ఇరవై ఓవర్లూ అవకాశమే. ఏడో నంబరువాడికి ఎంత ప్రతిభ ఉన్నా రెండు ఓవర్లు మిగిలితే గొప్ప. మంచు హాకీలో నిమిషానికోసారి మనుషులు మారుతుంటారు. గోల్స్ కొట్టడానికి ముందుండే ఫార్వర్డులను ముగ్గురేసి చొప్పున నాలుగు వరుసలుగా దింపుతారు. అరవై నిమిషాల ఆటలో మొదటి వరుస ఫార్వర్డు ఇరవై నిమిషాల దాకా ఆడితే, నాలుగో వరుసవాడికి పది నిమిషాలు కూడా దక్కవు. పైగా పవర్‌ప్లేలో ముందుగా దిగే ఐదుగురు ఎవరన్నది వేరే లెక్క. ఆ ఐదుగురిలో ఉన్న మామూలు ఆటగాడు, లేని గొప్ప ఆటగాడికన్నా మీకు ఎక్కువ పెడతాడు.

ఇది నాకు వేలం నాడు తెలియదు. మా లీగ్‌లో డ్రాఫ్ట్, అంటే సీజన్ ముందు ఆటగాళ్ల ఎంపిక, వేలంపాట పద్ధతిలో జరిగింది. ఒక్కొక్కరికి 200 డాలర్ల ఉత్తుత్తి డబ్బు ఇస్తారు, దానితోనే జట్టంతా కొనుక్కోవాలి. మా నాన్నగారు ఇరవై ఏళ్లు టంగుటూరు పొగాకు వేలం కేంద్రానికి బేళ్లు తోలిన మనిషి. ఆ రోజు నా పక్కనే కూర్చొని ఫోను తెర చూస్తూ, "మొదటి గంటలో అందరి జేబులూ నిండుగా ఉంటాయిరా, సరుకు చూసి పాడరు, ఎదుటివాడి ముఖం చూసి పాడతారు" అన్నారు. నేను వినలేదు. టొరంటో ఫార్వర్డు ఆస్టన్ మాథ్యూస్‌ను 58 డాలర్లకు, న్యూయార్క్ రేంజర్స్ గోలీ ఇగోర్ షెస్టెర్కిన్‌ను 38కి పాడాను. ఇద్దరికే 96 పోయాయి. మిగిలిన సొమ్ముతో పద్నాలుగు మందిని కొనాలి.

మాథ్యూస్ అంతకుముందు ఏడాది 69 గోల్స్ కొట్టాడు. నేను ఆ అంకెను కొన్నాను. ఆ 69 కోసం అతను 369 షాట్లు కొట్టాడని, అంటే వందకు పద్దెనిమిదికి పైగా లోపలికి వెళ్లాయని, అది ఎవరికైనా నిలబెట్టుకోవడం కష్టమని అప్పుడు లెక్క వేయలేదు. 2024-25లో గాయాలతో 67 ఆటలే ఆడి 33 గోల్స్ దగ్గర ఆగాడు. చెడ్డ ఆటగాడేమీ కాడు. 58 డాలర్లకు మాత్రం చెడ్డ బేరం.

షెస్టెర్కిన్ కథ ఇంకా నేర్పింది. రేంజర్స్ 2023-24 లీగ్ దశలో అందరికన్నా ఎక్కువ పాయింట్లు తెచ్చుకున్న జట్టు. మరుసటి ఏడు బాగానే మొదలుపెట్టి, తర్వాత జారి, ప్లేఆఫ్‌కు కూడా రాలేదు. గోలీ అలాగే ఉన్నాడు, ఎదుటి గోడ కూలిపోయింది. గోలీ గెలుపులు అతని చేతిలో సగమే. ముందున్న పద్దెనిమిది మంది చేతిలో మిగతా సగం.

ఇక ఆపిన షాట్ల శాతం. దీని గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నేను నెలల తరబడి దీనికోసం గోలీలను మార్చి మార్చి అలసిపోయాను. ఒక వారంలో మీ గోలీలు మూడు ఆటలు ఆడితే, ఆటకు ముప్పై చొప్పున సుమారు 90 షాట్లు వస్తాయి. మంచి గోలీ నూటికి 91.5 ఆపుతాడు, సగటు గోలీ 90. తొంభై షాట్లకు ఒకరు 7.65 గోల్స్ ఇస్తే మరొకరు తొమ్మిది ఇస్తారు. తేడా 1.35 గోల్. పక్ ఒక్కసారి సొంత ఆటగాడి కాలికి తగిలి దిశ మారితే ఆ తేడాలో ముప్పాతిక వంతు మాయం. ఏడాది మొత్తానికి ఆ తేడా కొండంత, వారానికి గాలివాటం. మన పోటీ వారానికి కదా. ఆ 38 డాలర్లు అందుకే వృథా అంటున్నాను.

మినహాయింపు లేదనను. విన్నిపెగ్ గోలీ కానర్ హెల్లెబక్‌ను కొన్నవాడికి ఆ ఏడాది 47 గెలుపులు వచ్చాయి. ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడి బహుమతి కూడా అతనికే ఇచ్చారు. అయితే అలాంటివాణ్ణి ముందే గుర్తించగలనని మీకు నమ్మకం ఉంటే ఈ సమాధానం చదవనవసరం లేదు. అదే సీజన్లో వాంకూవర్ మొదటి గోలీ థాచర్ డెమ్‌కో మోకాలి గాయంతో మొదట్లో ఆడలేదు. సెప్టెంబరులో, శిబిరాలు మొదలయ్యాక ఒక్క ఏడాది ఒప్పందంతో తెచ్చుకున్న కెవిన్ లాంకినెన్ అతని స్థానంలో నిలబడి 25 ఆటలు గెలిచాడు. మా వేలంలో అతని పేరు ఎవరూ ఎత్తనేలేదు. మా నాన్నగారి భాషలో చెప్పాలంటే నోబిడ్ బేలు. అక్టోబరులోనే మా బావ ఉచితంగా తీసుకున్నాడు.

ఆటగాళ్ల మార్పిడి విషయంలో నేను చేసిన తప్పు మరీ ముచ్చటైనది. కొలంబస్ డిఫెన్స్ ఆటగాడు జాక్ వెరెన్‌స్కీని వేలంలో ఎవరూ అంతగా పట్టించుకోకపోవడంతో 4 డాలర్లకు నాకు వచ్చాడు. అక్టోబరు చివర బావ అతణ్ణి అడిగి, బదులుగా వాంకూవర్ జట్టు సెంటర్ (మధ్యలో ఆడే ఫార్వర్డు) ఎలియస్ పెటర్సన్‌ను ఇస్తానన్నాడు. పెటర్సన్ రెండేళ్ల కిందట 102 పాయింట్లు (గోల్స్, అసిస్టులు కలిపి) సాధించినవాడు. నేను ఆలోచిస్తుండగానే అక్క ఫోను చేసి, "తమ్ముడూ, మీ బావ నిన్నేమీ మోసం చేయడులే, ఒప్పుకో" అంది. ఒప్పుకున్నాను. పెటర్సన్ ఆ ఏడాది 64 ఆటల్లో 45 పాయింట్లకే పరిమితమయ్యాడు. వెరెన్‌స్కీ 82 పాయింట్లు తెచ్చాడు. బావ ఏం చూశాడని తర్వాత అడిగితే, వెరెన్‌స్కీ ఆటకు 26 నిమిషాలకు పైగా మంచు మీదే ఉంటున్నాడని చెప్పాడు. నేను చూసింది పెటర్సన్ పాత అంకె. అక్క మాటలో అబద్ధం లేదు, బావ నన్ను మోసం చేయలేదు.

పేరుమీద వ్యామోహం ఇంకో రూపంలోనూ వస్తుంది. వాంకూవర్ జట్టులో అర్ష్‌దీప్ బెయిన్స్ అనే భారతీయ మూలాలున్న కుర్రవాడు ఉన్నాడని తెలిసి సంబరపడి ఒక డాలరుకు తీసుకున్నాను. అతను ఆ సీజన్లో ఎక్కువ భాగం కింది స్థాయి జట్టు అబాట్స్‌ఫర్డ్‌కు ఆడాడు. అభిమానం ఉంటే టీవీలో చూడండి, బెంచి మీద చోటు ఇవ్వకండి.

నేను సరిగ్గా చేసిన పని ఒకటుంది, అది చెప్పుకోనివ్వండి. హిట్లు అనే విభాగాన్ని మా వాళ్లు చిన్నచూపు చూశారు. ఎదుటివాణ్ణి భుజంతో ఢీకొని పక్ విడిపించడాన్ని హిట్ అంటారు. గోల్ ఎంతో హిట్లు కూడా అంతే: పదింటిలో ఒక విభాగం. నవంబరులో ఎవరి దగ్గరా లేని వాంకూవర్ ఆటగాడు కీఫర్ షేర్‌వుడ్‌ను తీసుకున్నాను. సీజన్ ముగిసేసరికి అతని హిట్లు 462. హిట్లు లెక్కించడం మొదలుపెట్టాక ఒక సీజన్లో ఎవరూ అన్ని కొట్టలేదు. పాత రికార్డు 386. పైగా 19 గోల్స్ కూడా కొట్టాడు. ఆ ఒక్క మనిషి మూలంగా వారం వారం ఒక విభాగం నాదే అన్న ధీమాతో నిద్రపోయేవాణ్ణి. మీ లీగ్‌లో ఏ విభాగాలున్నాయో ముందే చదివి, అందరూ పట్టించుకోనిదాన్ని చౌకగా కొనుక్కోండి. అయితే ఒక జాగ్రత్త: హిట్లు మాత్రమే కొట్టి గోల్ మీదికి షాట్ కొట్టనివాళ్లు ఇద్దరికి మించితే మిగతా ఐదు విభాగాలూ ఎండిపోతాయి.

తర్వాత క్యాలెండరు. దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు జనవరి దాకా పట్టింది, నా లెక్కన ఇదే అన్నింటికన్నా తేలికైన లాభం. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎక్కువ ఆటలు అక్కడి మంగళ, గురు, శనివారాల్లో పడతాయి. మనకు అవి బుధ, శుక్ర, ఆదివారం ఉదయాలు. ఆ రోజుల్లో మీ జట్టులో అందరికీ ఆటలుంటాయి, కానీ మీరు దింపగలిగేది పరిమితం. మా లీగ్‌లో ఫార్వర్డులకు ఆరు స్థానాలే. శనివారం నా ఫార్వర్డులు తొమ్మిది మందికీ ఆట ఉంటే ముగ్గురు బెంచి మీదే. వాళ్లు మూడేసి గోల్స్ కొట్టినా నాకు సున్నా. సోమ, బుధ రాత్రుల్లో మాత్రం నా జట్టులో ఇద్దరో ముగ్గురో ఆడేవారు, నాలుగు స్థానాలు ఊరికే పోయేవి.

ఒక ఉదాహరణ. ఒక ఆటగాడికి ఈ వారం నాలుగు ఆటలున్నాయి: మంగళ, గురు, శని, ఆదివారాలు. మరొకడికి మూడే: సోమ, బుధ, శుక్రవారాలు. చూడగానే నాలుగు ఆటలవాడే మెరుగనిపిస్తాడు. కానీ మీ జట్టు రద్దీ రోజుల్లో ఇప్పటికే నిండి ఉంటే మొదటివాడు మీకు ఆదివారం ఒక్క ఆటకే పనికొస్తాడు, రెండోవాడు మూడింటికీ పనికొస్తాడు. జట్టులో చివరి రెండు స్థానాలను ఈ ఖాళీ రోజుల కోసమే ఉంచి, వారానికోసారి అక్కడి మనుషులను మార్చడం మొదలుపెట్టాక, ఫిబ్రవరి నుంచి నా షాట్ల అంకె ప్రతి వారం పెరిగింది. ఆదివారం రాత్రి పావుగంట కూర్చొని 32 జట్ల వారం పట్టిక చూడడమే ఆ పని. మా చెరువుల మేత లెక్క అంతకన్నా కష్టం.

అలాగే ఒక జట్టు వరుసగా రెండు రాత్రులు ఆడితే మొదటి గోలీ సాధారణంగా ఒక్క రాత్రే ఆడతాడు. రెండో గోలీ ఎవరో తెలుసుకొని ఉంచుకోండి, వారానికి కనీసం మూడు గోలీ ఆటలు ఉండాలనే నియమం చాలా లీగ్‌లలో ఉంటుంది. అది తప్పితే గోలీ విభాగాలు నాలుగూ పోయినట్టే.

ఇప్పుడు వేళలు. అక్కడ తూర్పు తీరంలో రాత్రి ఏడింటి ఆట మనకు శీతాకాలంలో ఉదయం ఐదున్నరకు మొదలవుతుంది. పడమటి తీరం ఆటలు ఎనిమిదిన్నరకు. ఎవరు ఆడుతున్నారో ఆట మొదలయ్యేలోపే జట్టులో పెట్టాలి, మొదలయ్యాక ఆ పేరు కదలదు. ఉద్యోగస్తులకు ఇది బాధేమో గానీ రొయ్యల రైతుకు కాదు. చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తగ్గేది తెల్లవారే ముందే. కనుక నాలుగింటికి ఎలాగూ లేస్తాను. ఏరేటర్లన్నీ తిరుగుతున్నాయో లేదో చూసి, గట్టు మీద టార్చి వేసుకొని ఒక చుట్టు తిరిగి, చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూస్తాను. ఆ తర్వాత చేతులు తుడుచుకొని, ప్లాస్టిక్ కవరులోంచి ఫోను తీసి షెడ్డులో మంచం మీద కూర్చుంటాను. కాపలా కుర్రవాడికి మొదట్లో అనుమానం వచ్చింది, ధర ఏమైనా పడిపోయిందా అని.

మనకున్న మేలు ఇది: ఆట రోజు ఉదయం జట్లు చిన్నపాటి సాధన చేస్తాయి. అందులో మంచు మీద నుంచి ముందుగా వెళ్లిపోయిన గోలీయే సాధారణంగా ఆ రాత్రి ఆడతాడు. జట్లను వెన్నంటి తిరిగే విలేకరులు ఆ వార్త వెంటనే రాస్తారు. అక్కడ ఉదయం పదిన్నర మనకు రాత్రి తొమ్మిది. మా బావ అప్పుడు ఆఫీసులో సమావేశంలో ఉంటాడు. నేను భోజనం చేసి తీరికగా ఉంటాను. ఆ గంటలో ఎవరూ తీసుకోని గోలీని నేను కనీసం ఐదారు సార్లు అతనికన్నా ముందే తీసుకున్నాను.

అదే వేళ నన్ను ముంచింది కూడా. అక్కడ నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి, మార్చి రెండో ఆదివారం గంట ముందుకు తిప్పుతారు. నవంబరులో మనకు ఇబ్బంది లేదు, ఆట గంట ఆలస్యమవుతుంది. మార్చిలో గంట ముందుకొస్తుంది, ఐదున్నర ఆట నాలుగున్నరకే మొదలవుతుంది. 2025లో అది మార్చి 9. మర్నాడు నావాళ్లకు ఆటలు లేకపోవడంతో నాకు తెలియనే లేదు. 12వ తేదీ బుధవారం తెల్లవారుజామున ఒక ఏరేటరు మోటారు ఆగిపోతే దానితో కుస్తీ పట్టి, ఐదింటికి తీరిగ్గా ఫోను తెరిచాను. నేను దింపుదామనుకున్న ఇద్దరూ బెంచి మీదే ఉన్నారు, వాళ్ల ఆటలు మొదలై అరగంటైంది. ఆ ఇద్దరిలో ఒకడు రెండు గోల్స్ కొట్టాడు. ఆ వారం గోల్స్ విభాగం ఒక్క గోల్‌తో పోయింది, పోటీ 4-5తో పోయింది, ఆరో స్థానం దానితోపాటే పోయింది. గడియారాలు తిప్పే ఆ తేదీలు రెండూ ఇప్పుడు మా షెడ్డు గోడ మీద, మేత బస్తాల లెక్క పక్కనే, బొగ్గుతో రాసి ఉన్నాయి.

గాయాల గురించి చెప్పకుండా ఆపలేను. వేలం చివర్లో అందరి డబ్బూ అయిపోవస్తున్నప్పుడు వాషింగ్టన్ ఆటగాడు అలెక్స్ ఒవెచ్కిన్ నాకు 9 డాలర్లకే వచ్చాడు. అతనికి అప్పుడు 39 ఏళ్లు. వేన్ గ్రెట్జ్‌కీ పేరిట ఉన్న 894 కెరీర్ గోల్స్ రికార్డుకు చేరువలో ఉన్నాడు. మొదటి 18 ఆటల్లో 15 గోల్స్ కొట్టాడు. నా జట్టులో పేరుకన్నా చౌకగా వచ్చిన ఏకైక పేరు అదే. నవంబరు 18న యూటాతో ఆటలో ఢీకొని కాలికి దెబ్బ తగిలింది. మా లీగ్‌లో గాయపడ్డవాళ్లను పక్కన పెట్టుకోవడానికి రెండు చోట్లే ఉన్నాయి. ఒకదానిలో మాథ్యూస్, రెండోదానిలో మరొకడు. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి కాలు, ఇక ఈ ఏడాది లేనట్టే అనుకున్నాను. మర్నాడు ఉదయమే తీసేశాను. అంతకన్నా పనికిమాలిన డిఫెన్స్ ఆటగాడొకడు నా బెంచి మీద ఉన్నాడు, వాణ్ణి తీసేసి ఉండాల్సింది.

రెండు మూడు రోజుల్లో జట్టు ప్రకటించింది: కాలి ఎముక విరిగింది, నాలుగు నుంచి ఆరు వారాలు. అప్పటికే బావ అతణ్ణి తన జట్టులో పెట్టుకున్నాడు. డిసెంబరు 28న ఒవెచ్కిన్ తిరిగొచ్చాడు. మిగిలిన 47 ఆటల్లో 29 గోల్స్ కొట్టి, 65 ఆటల్లో 44తో సీజన్ ముగించాడు. గాయం వార్త వచ్చినప్పుడు ఎన్ని వారాలో ప్రకటన వచ్చేదాకా చేయి కదపకండి. చెరువులో నాలుగు రొయ్యలు గట్టు దగ్గరికి రాగానే జబ్బనుకొని హడావుడిగా పట్టుబడి చేసి, వంద కౌంటు (కిలోకు వంద తూగే చిన్న రొయ్య) ధరకు అమ్ముకున్నవాళ్లను నేను చూశాను. పరీక్ష ఫలితం మర్నాడు వస్తుంది, జబ్బేమీ లేదని. హాకీలో నేనూ అదే పని చేశాను.

దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఇంకొకటి: ఈ వారం బాగా ఆడినవాడి వెంట పరిగెత్తడం. వారంలో ఐదు గోల్స్ కొట్టిన ఒక కుర్రవాణ్ణి డిసెంబరులో తీసుకున్నాను, మరో నెల రోజులు అతను ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ఎన్ని షాట్లు కొట్టి ఆ ఐదు గోల్స్ తెచ్చాడో చూసి ఉంటే తెలిసేది. ఎక్కువ మంది ఆటగాళ్లకు వంద షాట్లకు పది చొప్పున గోల్స్ పడతాయి, అత్యుత్తములకు పదిహేను, పద్దెనిమిది. వారంలో పది షాట్లకు ఐదు వెళ్లాయంటే అది అదృష్టం. షాట్లు ఎక్కువై గోల్స్ రానివాడు కనిపిస్తే మాత్రం వదలకండి, అలాంటివాణ్ణి ఎవరైనా విసుగుతో వదిలేసినప్పుడు అందుకోండి.

మిగతావి చకచకా. పెద్ద టోర్నీల కోసం ఫిబ్రవరిలో లీగ్ ఆగే ఏడాదిలో ఆ వారాలను మీ లీగ్ ఎలా లెక్కిస్తుందో ముందే అడగండి. 2025లో నాలుగు దేశాల పోటీ కోసం ఆగినప్పుడు మా దగ్గర దాని మీద నాలుగు రోజులు వాదన జరిగింది. ఫ్లోరిడా ఆటగాడు మాథ్యూ కచుక్ ఆ పోటీలోనే గాయపడి మిగతా లీగ్ ఆటలు ఆడలేదు, అతణ్ణి పెట్టుకున్నవాడికి వాదించే ఓపిక కూడా లేకపోయింది. మార్చి మొదటి వారంలో అసలు జట్ల మధ్య మార్పిడి గడువు ఉంటుంది, అప్పుడు ఆటగాడి చుట్టూ ఉన్నవాళ్లు మారిపోతారు. మికో రాంటనెన్ ఆ సీజన్లో జనవరి 24న కొలరాడో నుంచి కెరొలైనాకు, మార్చి 7న అక్కడి నుంచి డల్లస్‌కు వెళ్లాడు. కెరొలైనాలో ఆడిన 13 ఆటల్లో రెండే గోల్స్. మనిషి అతనే, చుట్టూ ఉన్నవాళ్లు వేరు.

మా ఫైనల్ వారం 2025 ఏప్రిల్ 6న ముగిసింది. ఆ రోజు వాషింగ్టన్ ఆట అక్కడ మధ్యాహ్నం, మనకు ఆదివారం రాత్రి. నాకు ఫైనల్‌తో పని లేదు, అయినా మేలుకొని చూశాను. రెండో భాగంలో పవర్‌ప్లేలో ఒవెచ్కిన్ 895వ గోల్ కొట్టాడు. ఆట ఆపేసి అతని చుట్టూ అందరూ చేరారు, గ్రెట్జ్‌కీ కూడా మంచు మీదికి వచ్చాడు. ఆ గోల్ బావ ఖాతాలో పడింది, పవర్‌ప్లే పాయింటుతో సహా. మా లీగ్ బృందంలో అతను ఏమీ రాయలేదు, ఒక మామిడిపండు బొమ్మ మాత్రం పెట్టాడు. మే నెలలో ఒంగోలులో వాళ్ల అమ్మగారింటికి పెట్టె నేనే మోసుకెళ్లాను.

మీరు చెప్పని రెండు సంగతులు తెలిస్తే ఇంకా సూటిగా చెప్పగలను: మీ అన్నయ్య వాళ్ల డ్రాఫ్ట్ వేలంపాటా, లేక వరుస ప్రకారం ఎంచుకోవడమా? పోటీ విభాగాల వారీగానా, లేక మొత్తం పాయింట్లు కూడి చూస్తారా? మొత్తం పాయింట్ల లీగ్ అయితే పైన హిట్ల గురించి రాసింది సగం వదిలేయండి, గోలీల ధర గురించి రాసింది మాత్రం మరోసారి చదవండి. ఖాళీ అయిన జట్టును తీసుకుంటున్నారు కనుక, పాత యజమాని ఎవరినైనా తదుపరి సీజన్‌కు అట్టే పెట్టుకునే నియమం ఉందేమో కూడా కనుక్కోండి.